కుక్కను లెక్కచేయని కన్ను

ఎమోరి ఇరవయ్యేడేళ్ళుగా మన దీవుల రాజధాని సువా చుట్టుపక్కల ఇళ్ళకు దొంగల అలారాలు బిగిస్తున్నాడు. అతని సొంతింటి తలుపుకు మాత్రం తాళం పడదు. గడియ వంగిపోయి నాలుగు తుఫానులు దాటాయి. ఎవరైనా దెప్పితే, "మా ఇంట్లో పోయేదేముంది, మా ఆవిడ కోపం తప్ప? అదెవడైనా ఎత్తుకుపోతే నేనే టీ ఇచ్చి సాగనంపుతా" అంటాడు.

ఆరడుగుల పైన మూడంగుళాల మనిషి. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా సీలింగు మూలకు డ్రిల్లు పెట్టడానికి నిచ్చెన అడగడు, కుర్చీ ఉంటే చాలు. చెవి వెనక పెన్సిలు, నోట్లో ఏదో ఒక కీర్తన. పని మొదలుపెట్టే ముందు ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న వేస్తాడు: "ఈ ఇంట్లోకి తలుపు తట్టకుండా వచ్చేవాళ్ళెవరు?" విదేశీ ఆఫీసర్ల ఇళ్ళలో దీనికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది, ఎవరూ రారని. గుజరాతీ షాపులవాళ్ళు తమ్ముడి పేరు చెప్పి, కాసేపు ఆలోచించి, ఆ పేరు కూడా కొట్టేయమంటారు. చిక్కంతా ఈ దీవుల్లో పుట్టిన మనవాళ్ళ ఇళ్ళలోనే. ఆ ప్రశ్న వేయగానే చాప పరుస్తారు, మత్తుగా ఉండే యంగోనా వేరుపొడి నీళ్ళలో కలుపుతారు, తాతగారి రెండో తమ్ముడి దగ్గర్నుంచి వరస మొదలుపెడతారు. సాయంత్రానికి తేలేదేమిటంటే, తలుపు తట్టేవాడు ఊళ్ళో ఒక్కడూ లేడని.

అలారం బిగించాక, ఇంటివాళ్ళు దానికి తమ రహస్య నంబరు నొక్కేటప్పుడు ఎమోరి గోడవైపు తిరిగి నిలబడతాడు. ఎవరూ అడగలేదు, తనే పెట్టుకున్న నియమం. ఇన్నేళ్ళలో ఒక్క ఇంట్లో ఒక్క చెంచా పోయినప్పుడు కూడా ఎవరూ అతని పేరెత్తలేదు. ఎమోరికి ఆస్తి అంటూ ఉంటే అది ఒక్కటే.

ఆ నియమం వెనక వాళ్ళమ్మ ఉంది. మనలో మేనల్లుడికున్న హక్కు చిన్నది కాదు. మేనమామ ఇంటికెళ్ళి పంది బాగుందంటే పంది కదులుతుంది, చాప బాగుందంటే చాప చుట్టుకుంటుంది. అడిగే పనే లేదు. మామ నవ్వుతూ చూడాలి, కడుపు రగిలిపోతున్నా సరే. ఎమోరి తల్లి అలుమిత కందావు దీవిలో పుట్టింది. ఆమె చిన్నప్పుడు పెద్ద తుఫాను వచ్చిన ఏడాది, వాళ్ళ నాన్నకు మేనల్లుళ్ళయినవాళ్ళు పడవలో వచ్చి, విత్తనానికి దాచిన కందగడ్డలన్నీ తవ్వుకుపోయారట. ఆయన ఒడ్డున నిలబడి నవ్వుతూ చెయ్యి ఊపాడట. ఇంట్లోవాళ్ళు మూణ్ణెల్లు ఉడికించిన పచ్చిబొప్పాయితో బతికారు. ఎనిమిదేళ్ళ ఎమోరి ఒకసారి మామయ్య కోడిపెట్టను చంకలో పెట్టుకుని వస్తుంటే అలుమిత దారిలోనే ఆపింది. "తీసుకోవచ్చురా నువ్వు. అందుకే తీసుకోకు" అంది. వాడు కోడిని కింద వదిలాడు. ఆనాటినుంచి ఈనాటివరకూ మేనమామ ఇంట్లోంచి అగ్గిపుల్ల కూడా తెచ్చుకోలేదు.

ఆ మేనమామకు ఇది సంతోషం అనుకునేరు. సైలోసిగారికి ఇదే పెద్ద గాయం. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఎనభై దగ్గరపడుతున్నాయి, సువా పక్కనే లామిలో కాపురం. "వీడి పెళ్ళిలో కూడా నా ఒంటిమీద చొక్కా లాక్కోలేదు. మేనల్లుడా వీడు, జడ్జీగారా?" అని వచ్చిన ప్రతివాడి దగ్గరా వాపోతాడు. తీసుకోని మేనల్లుడంటే, ఈ ఇల్లు నాది కాదని చెప్పకుండా చెబుతున్నవాడని ఆయన లెక్క.

పోయిన ఏడాది లామిలో ఆదివారం దొంగలు బయల్దేరారు. చర్చి గంట మోగగానే వాళ్ళ డ్యూటీ మొదలు. పక్కింటి మైకా చర్చి పెద్ద. ఆయన ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి టీవీ లేదు, పెరట్లో మట్టి పొయ్యిలో పూడ్చిపెట్టిన పంది కూడా లేదు. రాళ్ళు తీసి, పందిని తీసి, ఆకులు మళ్ళీ నీటుగా కప్పిపోయారు. మైకాకు ఇప్పటికీ టీవీ గురించి బెంగ లేదు.

సైలోసి భయం తన రేకుపెట్టె గురించి. పడకగదిలో మంచం కింద ఉన్న ఆ పెట్టెలో తంబువా ఉంది. తిమింగలం పన్ను, ముంజేయంత పొడవు, నాలుగు తరాల నూనె తాగి తేనెరంగుకు తిరిగింది. తను పోయాక శవాన్ని పడవమీద కందావు తీసుకెళ్ళినప్పుడు ఆ పన్ను ముందు నడవాలని ఆయన కోరిక. నెలకోసారి, మొదటి శనివారం, దాన్ని తీసి కొబ్బరినూనె పట్టించి మళ్ళీ పడుకోబెడతాడు.

అలారం బిగించడానికి వచ్చినప్పుడు ఎమోరి మామూలుగా తన ప్రశ్న వేశాడు.

"తలుపు తట్టి వచ్చేవాళ్ళెవరో అడగరా, తొందరగా తేలిపోతుంది. పోస్టుమనిషి" అన్నాడు సైలోసి.

"వంటింటి తలుపుకి కూడా పెడతాను మామయ్యా."

"దాని జోలికి పోకు. లోసానా రోజుకి నూరుసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. నేను బైబిలు తెరిచినప్పుడల్లా అది కూత పెడితే సైతానుకి వేరే పనుండదు."

లోసానా ఆయన కోడలు. కొడుకు సైన్యంలో ఉన్నాడు, ఎక్కడో ఎడారిలో శాంతి కాపాడుతున్నాడు. మనవడు పెనికి ఇరవయ్యేళ్ళు, రగ్బీ తప్ప వేరే లోకం లేదు. ఇల్లు నడిపేది లోసానాయే. ఈ ఇంట్లో అడుగుపెట్టి ఇరవైరెండేళ్ళయినా మామగారు కూర్చునే గదిలో ఆమె నిటారుగా నడిచిన పాపాన పోలేదు. టీ తెచ్చినా, చాప దులిపినా, మోకాళ్ళమీద జరుగుతూ, "తిలౌ, తిలౌ" అని మన్నించమంటూనే దాటుతుంది. ఈ కాలం పిల్లలకు నడుం వంగదు గానీ, లోసానా పాతకాలపు పెంపకం.

చివరికి వీధి తలుపుకు, తెరిస్తే పసిగట్టే బిళ్ళ ఒకటి, పెద్దగది గోడకు ఒక కన్ను పెట్టారు. వంటింట్లోంచి వచ్చినా, వీధిలోంచి వచ్చినా, పెట్టె ఉన్న పడకగదికి పోవాలంటే ఆ కన్ను ముందు నుంచే పోవాలి. మనిషి కదిలితే దానిలో ఎర్రదీపం మిణుక్కుమంటుంది, ఆన్ చేసి ఉంటే సైరన్ మోగుతుంది. ఇంట్లో సార్జంట్ అనే ముసలికుక్క ఉంది. అది తిరిగినప్పుడల్లా మోగకుండా ఎమోరి కన్ను లోపల చిన్న మీట జరిపాడు. నడుం ఎత్తు దాటకుండా, కిందకిందే కదిలేదాన్ని అది కుక్క అనుకుని వదిలేస్తుంది. కుక్క ఉన్న ఇళ్ళన్నిటా అతను అలాగే చేస్తాడు.

సైలోసి ఎమోరిని బయటికి పంపి, "దొంగలా దూరిరా" అన్నాడు. ఎమోరి దూరాడు. సైరన్‌కు వీధి వీధంతా వచ్చి నవ్వింది. సార్జంట్ మాత్రం నిద్ర లేవలేదు.

రెండు నెలలు గడిచాయి. మొదటి శనివారం పొద్దున ఎమోరికి ఫోను వచ్చింది.

"అల్లుడూ, తీశావా?" సైలోసి గొంతులో పండగ ఉంది.

"ఏంటి మామయ్యా?"

"పన్నురా. పెట్టె ఖాళీ."

"నేను తీయలేదు మామయ్యా."

"సరేలే. నువ్వు తీస్తే అది దొంగతనమని నేనన్నానా? ఎక్కడుందో చెప్తే చాలు, నాకు నిద్ర పడుతుంది."

వ్యాను వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. అలారం పెట్టె తన జ్ఞాపకంలో అన్నీ దాచుకుంటుంది, ఎప్పుడు ఆన్ చేశారో, ఎప్పుడు మోగిందో. నెలరోజుల లెక్క తీసి చూశాడు. ప్రతి ఆదివారం తొమ్మిదిన్నరకు ఆన్, పన్నెండుకు ఆఫ్, నడుమ ఒక్కసారీ మోగలేదు. మిగతా రోజుల్లో సైలోసి మోకాళ్ళనొప్పితో పెద్దగదిలో కుర్చీ వదలడు. పోవడమంటూ జరిగితే ఆదివారమే జరగాలి, ఆ కన్ను ముందే జరగాలి. కన్ను చూడలేదంటోంది.

"కన్నుకి గంతలు కట్టడం దాన్ని బిగించినవాడికే తెలుసు" అన్నాడు పక్కింటి మైకా, దెప్పుతున్నట్టు కాదు, మెచ్చుకుంటున్నట్టు. "బాగా చేశావులే అబ్బాయ్. మీ మామయ్య కళ్ళలో ఎంత వెలుగో చూడు."

నింద వేస్తే తుడుచుకోవచ్చు. ఇక్కడ నింద వేసినవాడు లేడు, అందరూ భుజం తట్టేవాళ్ళే. ఆదివారం చర్చి బయట నలుగురు చేతులు కలిపారు. ఎమోరి ప్రతివాడికీ తీయలేదనే చెప్పాడు, ప్రతివాడూ కన్నుగీటాడు. ఇంటికొస్తే భార్య, "తీస్తే తీశావు, ఎక్కడ దాచావో నాకన్నా చెప్పవా?" అంది. ఆ మాటకు అతను అన్నం ముందునుంచి లేచిపోయాడు. అతనికి కావలసింది క్షమించేవాళ్ళు కాదు, నమ్మేవాళ్ళు. పైగా పాస్టరుగారి ఇంటికీ చర్చి ఆఫీసుకూ అలారాలు పెట్టే పని మైకా అతనికే ఇప్పిస్తానన్నాడు. మామ పెట్టె తెరిచినవాడికి మేనల్లుడన్న పేరు కాపు కాస్తుంది. చర్చి తాళాలు పుచ్చుకున్నవాడికి ఏ చుట్టరికం కాపు కాస్తుంది?

సోమవారం పొద్దున్నే పనిముట్లతో మళ్ళీ వచ్చాడు. సైలోసి కుర్చీలో, మైకా చాపమీద యంగోనా గిన్నె ముందు ఉన్నారు. ఎమోరి పెద్దగదిలో ఈ గోడనుంచి ఆ గోడకు నడిచాడు. ఎర్రదీపం మిణుక్కుమంది. పిల్లిలా నడిచాడు, మిణుక్కుమంది. గోడకు అంటుకుని నడిచాడు, మిణుక్కుమంది.

"బానే ఉందిగా నీ మిషను. ఇంక ఒప్పేసుకో" అన్నాడు సైలోసి.

"నేను తీయలేదు మామయ్యా. అమ్మమీద ఒట్టు."

"మా అక్కని ఇందులోకి లాగకు, పాపం సమాధిలో పడుకోనీ."

అప్పుడే లోసానా టీ తెచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర మోకాళ్ళమీదికి దిగి, పళ్ళెం చాపకు ఆనుతుందా అన్నట్టు పట్టుకుని, "తిలౌ, తిలౌ" అంటూ మామగారి కుర్చీ ముందునుంచి జరుగుతూ వచ్చింది. మైకాకు ఒక కప్పు, మామగారికి ఒక కప్పు ఇచ్చి, వచ్చినదారినే వెనక్కి జరిగింది.

ఎమోరి గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. ఎర్రదీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

పెద్దల ముందు మోకాళ్ళమీద జరిగే జాతిలో పుట్టి, తనే మోకాళ్ళమీద జరుగుతూ పెరిగి, ఇరవయ్యేడేళ్ళుగా కుక్కలున్న ప్రతి ఇంట్లో ఆ మీట జరుపుతూ వచ్చాడు. నిటారుగా నడిచే దొంగను పట్టుకునే కన్ను అది. మర్యాదస్తులు దానికి కుక్కలతో సమానం. తలెత్తేసరికి గుమ్మంలోంచి లోసానా తననే చూస్తోంది. అతను చూడగానే లోపలికి తప్పుకుంది.

వంటింట్లోకి వెళ్ళాడు. ఆమె పొయ్యి దగ్గర చేమాకులు తుంచుతున్నట్టు కూర్చుంది, ఒక్క ఆకూ తెగడం లేదు.

"మీమీద పడుతుందనుకోలేదు అన్నయ్యా" అంది.

"ఏమైంది చెల్లెమ్మా?"

గొంతు తగ్గించి చెప్పింది. పెనికి తైలేవు ప్రాంతపు పిల్లతో స్నేహం. ఆ పిల్లకు ఇప్పుడు ఐదోనెల. పిల్ల అన్నలు రెండుసార్లు వచ్చి, వీధి చివర పెనిని నిలబెట్టి మాట్లాడి వెళ్ళారు. మూడోసారి మాటలతో పోదన్నారు. పన్ను పట్టుకెళ్ళి, వాళ్ళ పెద్దల ముందు కూర్చుని మన్నించమని అడిగితే తప్ప ఆ పిల్ల తండ్రి పుట్టబోయేదాన్ని గడప తొక్కనివ్వనన్నాడు. ఎడారిలో ఉన్న మొగుడు ఆర్నెల్లు ఆగమన్నాడు. కడుపులోది ఆర్నెల్లు ఆగదు కదా. మామగారి గుండెకు ఏ కబురూ తట్టుకునే శక్తి లేదని డాక్టరు పోయిన నెలే చెప్పాడు.

"మీ పుట్టింట్లో లేదా పన్ను?"

"ఉంది. కానీ తప్పు చేసింది ఈ ఇంటి పిల్లాడు. ఈ ఇంటి పన్నే పోవాలి. మాది పెడితే మామయ్యగారి పరువేం కాను? మా అన్నే పట్టుకెళ్ళాడు, ఈ ఇంటి పేరు చెప్పి పెట్టాడు. వాళ్ళు పుచ్చుకున్నారు."

"అలారం ఆన్‌లో ఉంది కదా. భయమెయ్యలేదా?"

"చర్చి నడుమ లేచి వంటింటి తలుపులోంచి వచ్చా, మోగుతుందనే వెళ్ళానన్నయ్యా. మోగితే దేవుడు వద్దన్నట్టు అనుకున్నా. గది మధ్యలో, మామయ్యగారి కుర్చీ ముందు ఆగి కళ్ళు మూసుకున్నా. మోగలేదు." ఆకులు పక్కన పెట్టింది. "మోగలేదు కాబట్టి పెట్టె తెరిచా."

"అయినా మోకాళ్ళమీద ఎందుకెళ్ళావమ్మా? ఇంట్లో ఎవరూ లేరుగా."

లోసానాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "కుర్చీ ఉందిగా అన్నయ్యా" అంది.

ఇన్నేళ్ళలో ఎమోరి చూసిన ఇళ్ళన్నిటిలో, ఎవరూ చూడనప్పుడు కూడా ఇంత వంగిన మనిషి లేదు. ఆమె చేతులు తుడుచుకుని లేచింది. "ఇప్పుడే చెప్పేస్తా. మీరు నలుగురిలో తిరిగే మనిషి."

"కూర్చో" అన్నాడు.

ఆమె చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. అదే పెట్టె, అదే పన్ను. మేనల్లుడు తీస్తే ఊరు భుజం తడుతుంది. కోడలు తీస్తే బయటినుంచి వచ్చినది అత్తింటి పెట్టె తెరిచిందంటారు, ఇరవైరెండేళ్ళ మోకాళ్ళు ఎవరికీ గుర్తుండవు. ముసలాయన ఒక్కరోజులో పన్ను సంగతి, కోడలి సంగతి, మనవడి సంగతి వినాలి. అమ్మ మాట జ్ఞాపకం వచ్చింది. తీసుకోవచ్చు, అందుకే తీసుకోకు. కోడిపెట్ట నాటినుంచీ ముట్టుకోకుండా దాచిన హక్కు అది. ఇవాళ తప్ప దానికి ఇంకో అక్కర వస్తుందని అనిపించలేదు.

పెద్దగదిలోకి వచ్చి సైలోసి ముందు చాపమీద కూర్చున్నాడు. వెనకే వచ్చిన లోసానా గుమ్మం పక్కన తలదించుకుని నేలమీద కూర్చుంది.

"మామయ్యా, నేనే తీశాను."

సైలోసి రెండు చేతులూ గుల్లగా చేసి మూడుసార్లు చప్పట్లు కొట్టాడు, మంచి కబురుకు కొట్టినట్టు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "యాభై ఏళ్ళు పట్టిందిరా నీకు. మైకా, విన్నావా? పన్నే తీశాడు, కోడీ కాదు, చొక్కా కాదు. మంచి పనికేనా అల్లుడూ?"

"మన ఇంటి పనికే మామయ్యా. మిమ్మల్ని కందావు తీసుకెళ్ళే రోజున పన్ను నా చేతుల్లో ఉంటుంది. ఎక్కడ్నుంచి తెస్తానో నన్నడక్కండి, తెస్తాను."

"తొందరేం లేదు, నేనింకా టీ తాగుతున్నా."

మైకా గిన్నెలో కొబ్బరిచిప్ప తిప్పుతూ ఆగాడు. "మరి మూడు రోజులుగా తీయలేదంటున్నావే. నిన్న చర్చి గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని మరీ అన్నావు."

సైలోసి మొహంలో వెలుగు మెల్లగా దిగిపోయింది. హెడ్మాస్టరుగా పనిచేసిన మనిషి కదా, ఆ మాట ఆయనకు ఇప్పుడే తగిలింది.

"అవున్రా. తీసుకునే హక్కు నీకుంది. నీ తల్లిమీద ఒట్టేసి అబద్ధమాడే హక్కు నీకెవరిచ్చారు?"

"మామయ్యగారూ" అని లోసానా తలెత్తింది.

"చెల్లెమ్మా, నాకు టీ ఇవ్వనేలేదు నువ్వు" అన్నాడు ఎమోరి, ఆమెవైపు చూడకుండానే. తర్వాత మామయ్యతో, "తప్పే మామయ్యా. సిగ్గేసి ఒప్పుకోలేకపోయాను" అన్నాడు.

మైకా గొంతు సవరించుకున్నాడు. "పాస్టరుగారింటి పని ఒకటి అనుకున్నాం కదా. అది వచ్చే నెల చూద్దాంలే." మన ఊళ్ళో వచ్చే నెల అంటే ఏమిటో ఎమోరికి చెప్పక్కర్లేదు. అతను తలూపాడు. ఇరవయ్యేడేళ్ళుగా గోడవైపు తిరిగి నిలబడి కాపాడుకున్న పేరు, చిప్పెడు యంగోనా తాగేలోపు పోయింది. బాధ వేయలేదంటే అబద్ధమే, ఆ రోజుకు అతనికి ఒక అబద్ధం చాలు.

టీ వచ్చింది. తాగాడు. మామయ్య దగ్గర సెలవు తీసుకుని పనిముట్ల సంచి సర్దుకున్నాడు. వ్యాను పెరటివైపు ఉంది, వంటింట్లోంచి పోవాలి. గుమ్మం పక్కన లోసానా మళ్ళీ నేలమీదే కూర్చుని ఉంది, అరచేతులతో మొహం సగం మూసుకుని.

కూర్చున్న కోడలిని దాటడానికి మగవాడు కాస్త తల వంచితే చాలు. ఎమోరి సంచి చంకలో ఇరికించుకుని, ఆ ఆరడుగుల మూడంగుళాల మనిషి, రెండు మోకాళ్ళమీదికీ దిగాడు. కీళ్ళు పటపటమన్నాయి. ఒక చెయ్యి నేలకు ఆనించి, "తిలౌ చెల్లెమ్మా" అంటూ ఆమె ముందునుంచి మెల్లగా జరిగి దాటాడు.

"వీడికేమైందిరా ఇవాళ?" అన్నాడు సైలోసి వెనకనుంచి.

గోడమీద కన్ను నేలమీది ఆ ఇద్దరినీ చూడలేదు. దాని మీట ఎమోరి మార్చకుండానే వెళ్ళిపోయాడు.